మంచం కింద ఇద్దరు: హాస్య నాటకంలో అబద్ధం పనిచేసే తీరు

క్లుప్తంగా: అబద్ధాలకోరు బయట ఎదురైతే ఒళ్లు మండుతుంది, రంగస్థలం మీద కనిపిస్తే నవ్వొస్తుంది. ప్రేక్షకుల నీతి సడలడం వల్ల ఇలా జరగదు. నాటకాన్ని అల్లిన పద్ధతిలోనే దీని కారణం ఉంది. నిజం ముందుగా ఎవరికి తెలుస్తుంది, అబద్ధాన్ని నమ్మినవాడు ఎందుకు నమ్మాడు, నష్టం ఎవరి మీద పడింది అనే మూడు ప్రశ్నల చుట్టూ ఈ హాస్యం తిరుగుతుంది. ఏడో శతాబ్దంలో కాంచీపురం నేపథ్యంగా రాసిన ప్రహసనం, అంటే చిన్న హాస్య నాటకం, నుంచి గురజాడ దాకా, అక్కణ్నుంచి మద్రాసు సభా నాటకాల దాకా ఈ వరస కనిపిస్తుంది.

చెన్నైలో ఉగాదికో, తెలుగు సంఘం వార్షికోత్సవానికో గురజాడ ‘కన్యాశుల్కం’ నుంచి ఒక రంగం వేస్తే హాలంతా నవ్వుతుంది. తీరా ఇంటికి బయలుదేరాక, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన పెద్దల్లో ఎవరో ఒకరికి సందేహం వస్తుంది. అప్పు ఎగ్గొట్టేవాడు, నోరు తెరిస్తే కోతలు కోసేవాడు, వితంతువును మాయమాటలతో లేవదీసుకుపోయేవాడు. వీడిని చూసి ఇంతలా నవ్వడం ఏమిటి? ఆ నాటకంలో నిజాయతీపరుడైన వకీలు కూడా ఒకాయన ఉన్నాడు. గిరీశం పేరు నాలుక మీద ఆడినట్టు ఆయన పేరు ఎందుకు ఆడదు?

మోసానికి తెలుగులో ఉన్న మాటలు చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. టోపీ పెట్టాడు, శఠగోపం పెట్టాడు, చెవిలో పువ్వు పెట్టాడు. ట్రిప్లికేన్ పార్థసారథి స్వామి గుడిలో భక్తిగా తలవంచి పెట్టించుకునే శఠగోపమే, గుడి దాటి బయటికొస్తే మోసపోయినదానికి గుర్తు. చెవిలో పువ్వు సంగతైతే చెన్నైలో తమిళం మాట్లాడేవాళ్లకూ కొత్త కాదు, ‘కాదుల పూ సుత్తాదే’ అని వాళ్లూ అంటారు. ఈ మాటలన్నిటిలో ఒక పోలిక ఉంది. టోపీ అయినా, శఠగోపమైనా, పువ్వయినా ఉండేది మోసపోయినవాడి తల మీదే. మోసగాడు ఎలా ఉంటాడో ఈ మాటలు చెప్పవు. నవ్వు ఎటు తిరిగి ఉందో భాష ముందే తేల్చేసింది.

నిజం ముందుగా తెలిసేది ప్రేక్షకుడికి

నేరపరిశోధన కథలో నిజం చివరి పేజీ దాకా దాగి ఉంటుంది. హాస్య నాటకంలో మొదటి రంగంలోనే ప్రేక్షకుడి చేతికి వచ్చేస్తుంది. ఫలానావాడు చెప్పేది అబద్ధమని హాల్లో కూర్చున్న మూడు వందల మందికీ తెలుసు, వేదిక మీద ఉన్న నలుగురికి మాత్రం తెలియదు. ఈ తేడా వల్ల ప్రేక్షకుడు తనకు తెలియకుండానే బొంకేవాడి పక్షాన చేరిపోతాడు. పట్టుబడతాడేమోనన్న టెన్షన్ ఇద్దరికీ సమానమే.

అబద్ధం చెప్పడం తేలిక, దాన్ని పోషించడమే కష్టం. ఒకడికి ఒక రకంగా, ఇంకొకడికి మరో రకంగా చెప్పిన మాట, ఆ ఇద్దరూ ఒకే గదిలోకి వచ్చేదాకా బతుకుతుంది. హాస్య నాటకకర్త పనల్లా ఆ ఇద్దరినీ ఒకే గదిలోకి తీసుకురావడం. అప్పుకూ అబద్ధానికీ ఈ విషయంలో చుట్టరికం ఉంది, రెండింటికీ వడ్డీ పెరుగుతుంది. గిరీశం కథ పూటకూళ్లమ్మ డబ్బుతో మొదలుకావడం అందుకే అతికినట్టుంటుంది. ఆ డబ్బు కోసం ఆవిడ చీపురు పట్టుకుని వేశ్య మధురవాణి ఇంటికి వస్తుంది. గిరీశం మంచం కింద దూరతాడు. అక్కడ అప్పటికే మరో విటుడు రామప్ప పంతులు ఉన్నాడు.

మంచం కింద దాక్కోవడం ప్రపంచంలో పాత చమత్కారమే. ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ ‘తార్తుఫ్’ 1664లో తొలిసారి ప్రదర్శితమై, నిషేధానికి గురై, 1669లో గానీ బహిరంగ ప్రదర్శనకు అనుమతి పొందలేదు. అందులో ఇంటి యజమాని బల్ల కింద దాక్కుని, తాను దేవుడిలా కొలిచే దొంగ భక్తుడి అసలు రంగు చెవులారా వింటాడు. బల్ల కింద కూర్చున్నవాడికి జ్ఞానోదయమవుతుంది. గురజాడ మంచం కింద ఎవరికీ ఏ జ్ఞానమూ కలగదు. ఉన్న ఇద్దరూ మోసగాళ్లే. గిరీశం తప్పించుకుంటాడు, చీపురు దెబ్బ రామప్ప పంతులుకు తగులుతుంది. నిజం బయటపెట్టడానికి వాడే పాత యంత్రాన్ని గురజాడ ఇక్కడ నిజం పొసగని చోట బిగించాడు. ఆ రంగం అంతగా పేలడానికి కారణం అదే.

హాస్యానికి కారణాలను లెక్కిస్తూ నాట్యశాస్త్రం వికృతమైన వేషంతో మొదలుపెట్టి, వెంటనే ధార్ష్ట్యం, లౌల్యం, కుహకం, అసత్ప్రలాపం అంటుంది. మామూలు తెలుగులో చెప్పాలంటే సిగ్గు విడిచిన తెంపరితనం, కక్కుర్తి, కపటం, పనికిమాలిన వాగుడు. కుహకమంటే ఇక్కడ మోసం కాదనీ, చిన్నపిల్లలకు చంకల్లోనో మెడ దగ్గరో గిలిగింత పెట్టడమనీ అభినవగుప్తుడి వ్యాఖ్య చెబుతుంది. మోసానికీ గిలిగింతకూ ఒకే మాట సరిపోవడం మన పండితులు కావాలని వేసిన జోకు కాకపోవచ్చు గానీ, చక్కగా కుదిరింది.

కాంచీపురంలో పోయిన పుర్రె

చెన్నై నుంచి డెబ్భై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కాంచీపురం, మన దేశంలో మనకు మిగిలిన అతి పాత ప్రహసనాల్లో ఒకదానికి నేపథ్యం. ‘మత్తవిలాసం’ రాసింది పల్లవ రాజు మొదటి మహేంద్రవర్మ, ఏడో శతాబ్దంలో. (చెన్నైలోనే ఉన్న పల్లవరం గుహాలయంలో ఆ రాజు బిరుదులు చెక్కి ఉన్నాయి. వాటిలో తెలుగు మాటలు ఉన్నాయని శాసన పరిశోధకులు గుర్తించారు.)

కథ చిన్నది. తాగిన మైకంలో ఒక కాపాలికుడు, అంటే పుర్రెలో భిక్ష తినే శైవ సన్యాసి, తన భిక్షాపాత్రను, అంటే పుర్రెను, పోగొట్టుకుంటాడు. దారిన పోతున్న బౌద్ధ భిక్షువు వస్త్రం కింద ఏదో దాచుకుని కనిపిస్తాడు. దొంగ వీడేనని గొడవ మొదలవుతుంది. నిజానికి పుర్రెను కుక్క ఎత్తుకుపోయింది, దాని దగ్గర్నుంచి ఒక పిచ్చివాడు లాక్కున్నాడు. భిక్షువు దాచింది తన సొంత పాత్రే.

ఇక్కడ దొంగతనమే జరగలేదు. కానీ అందరి లోపలి కపటం బయటపడింది. భిక్షువు ఆ దారిన నడుస్తూ తనలో తాను తర్కించుకుంటున్నాడు: ఇంత దయామయుడైన బుద్ధుడు మద్యాన్నీ స్త్రీలనూ వద్దని ఉండడు, అసూయపరులైన ముసలి భిక్షువులే ఆ భాగాలను గ్రంథంలోంచి తీసేసి ఉంటారు, అసలు ప్రతి ఎక్కడుందో వెతకాలి. దొంగ కాకపోయినా దొంగలాగే కనిపించడానికి ఆయనకు తగిన కారణం ఉంది. న్యాయస్థానానికి వెళదామంటే, విహారాల సొమ్ముతో అధికారుల నోరు మూయించగలడని కాపాలికుడి సహచరి బెంగపడుతుంది. పదమూడు వందల ఏళ్లు దాటినా ఆ మాటకు వివరణ అక్కర్లేదు.

హాస్యంలో రెండు రకాల అబద్ధాలు ఇక్కడే విడిపోతాయి. ఎదుటివాడికి చెప్పే అబద్ధం ఒకటి, తనకు తాను చెప్పుకునేది మరొకటి. మొదటి రకం కథను నడిపిస్తుంది. ఎక్కువకాలం గుర్తుండేది మాత్రం రెండోదే.

నమ్మాలనుకున్నవాడే నమ్ముతాడు

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడింది. 1897లో అచ్చయింది. 1909లో బాగా పెంచి రాసిన రెండో కూర్పు వచ్చింది. ఇప్పుడు చదువుతున్నదీ ఆడుతున్నదీ ఇదే. మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు, అంటే డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లు, 1,034. వాటిలో అయిదేళ్ల పిల్లలవి 99, మూడేళ్లవాళ్లవి 36, ఏడాది వయసున్నవాళ్లవి మూడు. నాటకంలో నవ్వించే ప్రతి మోసం వెనకా ఈ అంకెలున్నాయి. కన్నబిడ్డను అమ్ముకోవడాన్ని ఆచారమనడం ముందు గిరీశం అప్పు ఎగవేత చాలా చిన్న అబద్ధం.

గిరీశం శిష్యుడు వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో ఇంగ్లీషు ప్రదర్శన చూడండి. కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని తల్లి ముచ్చట. గిరీశం, వెంకటేశం కలిసి బాలగీతాల ముక్కలూ, చదువుకున్న పాఠాల్లోని పొడి మాటలూ ఒకరి మీద ఒకరు విసురుకుంటారు, ‘ట్వింకిల్ ట్వింకిల్’తో సహా. వినేవాళ్లకు అది విద్య. ఇక్కడ గిరీశం పెద్దగా కష్టపడలేదు. కొడుక్కి చదువు వచ్చిందని నమ్మడానికి ఆ ఇల్లు ముందే సిద్ధంగా ఉంది, ఖర్చుపెట్టిన డబ్బు అలా నమ్మమంటోంది.

చెన్నైలో ఈ రంగం ఇంకొంచెం వింతగా పనిచేస్తుంది. గురజాడ కాలపు ప్రేక్షకుల్లో ఇంగ్లీషు తెలిసిన కొద్దిమందికే ఆ మాటల బోలుతనం పూర్తిగా అర్థమై ఉంటుంది. ఇప్పుడు హాల్లో ఆ మాటలు అందరికంటే ముందు పట్టుకునేది పిల్లలే. ఆ వెంటనే వచ్చే తెలుగు వాళ్లకు కష్టం, అదీ ఉత్తరాంధ్ర యాస. చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి తరాల క్రితం వచ్చిన కుటుంబాల పెద్దలకే ఆ యాస కొంత కొత్త. అంటే ఒకప్పుడు ఇంగ్లీషు రానివాళ్లను చూసి నవ్వించిన రంగం, ఇప్పుడు తెలుగు సరిగా రాని ప్రేక్షకులను నవ్వించాల్సి వస్తోంది. వేసేవాళ్లకు ఇది చిన్న సమస్య కాదు.

నమ్మినవాడి ఆశే మోసానికి పెట్టుబడి అన్న సూత్రాన్ని రష్యన్ రచయిత గోగోల్ 1836 నాటి ‘రెవిజోర్’లో చివరిదాకా తీసుకెళ్లాడు. తనిఖీ అధికారి వస్తున్నాడని విన్న ఊరి ఉద్యోగులు, సత్రంలో బిల్లు కట్టలేక చిక్కుకున్న ఒక కుర్రాడినే ఆ అధికారి అనుకుంటారు. అతను మొదట ఏ అబద్ధమూ చెప్పలేదు. లంచాలు తిన్న భయమే ఆ అబద్ధాన్ని వాళ్లచేత అల్లించింది. ఈ నాటకంలో మంచివాడంటూ ఒక్కడూ లేడన్న విమర్శ వస్తే, ఉన్నాడు, ఎవరూ గమనించలేదు, ఆ నిజాయతీ గల పాత్ర పేరు నవ్వు అని గోగోల్ తర్వాత రాశాడు.

చీపురు ఎవరి చేతిలో ఉంది

నవ్వు రావాలంటే గుండెకు కాసేపు మత్తుమందు ఇచ్చినట్టుండాలని ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లో చెప్పాడు. ఆ మత్తు ఎప్పుడు వదులుతుందన్నది నాటకకర్త చూసుకోవాలి. మోసపోయినవాడు లోభి అయితే వదలదు. లుబ్ధావధాన్లు పేరులోనే లోభం ఉంది. ముసలితనంలో అగ్నిహోత్రావధాన్ల చిన్న కూతురు సుబ్బిని కొనుక్కోబోయిన ఆయనకు, ఆ పిల్ల మేనమామ కరటక శాస్త్రి ఆడవేషం వేసిన శిష్యుడిని పెళ్లికూతురిగా అంటగడితే హాలు మనస్ఫూర్తిగా నవ్వుతుంది. నష్టపోయినవాడు బలహీనుడైతే అంత తేలిక కాదు.

పూటకూళ్లమ్మ కూడూ నీళ్లూ అమ్ముకుని బతికే విధవ. ఆవిడ డబ్బు తినేసినవాడిని చూసి నవ్వడం ఇబ్బందే. గురజాడ ఆవిడ చేతికి చీపురు ఇచ్చి ఆ ఇబ్బంది తీసేశాడు. అగ్నిహోత్రావధాన్ల పెద్ద కూతురు, వితంతువైన బుచ్చమ్మ చేతిలో అలాంటిదేమీ లేదు. అందుకే గిరీశం ఆమెకు చెప్పే సంఘసంస్కరణ కబుర్ల దగ్గర మంచి నటుడున్నప్పుడు హాల్లో నవ్వు సగంలో ఆగుతుంది. అది ప్రదర్శన లోపమనుకుని అక్కడ మరో జోకు ఇరికించే బృందాలున్నాయి. ఆ నవ్వు ఆగడమే నాటకానికి కావాల్సింది.

నిజానికీ వేషం కావాలి

వకీలు సౌజన్యారావు పంతులు అబద్ధం ఆడడు. కానీ ఆయన నిజాయతీ ఒక్కటే సుబ్బి పెళ్లిని ఆపలేదు. దాన్ని ఆపింది కరటక శాస్త్రి ఆడిన పెళ్లి నాటకం, దానికి మధురవాణి చేసిన సాయం. ఆ మాయ పెళ్లికూతురు కనిపించకుండా పోవడంతో లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడుతుంది. మంచికోసం ఆడిన అబద్ధం మరో అబద్ధాన్ని కంది. ఇక్కడ గురజాడ ఎవరినీ పూర్తిగా వదల్లేదు.

కేసులోని అసలు సంగతి వకీలుకు చెప్పగలిగింది మధురవాణి. ఆయన వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న మనిషి. అందుకని ఆమె మగవేషంలో వస్తుంది. నిజాయతీపరుడి గడప దాటడానికి నిజం కూడా మారువేషం వేసుకోవాల్సి వచ్చింది. ఈ ఒక్క ఏర్పాటుతో నాటకం నిజాయతీని మెచ్చుకుంటూనే, దాని పక్కనే పెరిగే గర్వాన్నీ చూపించింది. సౌజన్యారావు పేరు జనం నాలుక మీద ఆడకపోవడానికి కారణం ఆయన మంచితనం కాకపోవచ్చు. ఆయన అబద్ధం చెప్పడు, కానీ చివరి రంగం దాకా ఆయనకు ఏమీ తెలియదు. హాస్యంలో ప్రేక్షకుడు తెలిసినవాడితోనే నడుస్తాడు.

మద్రాసు వేదిక మీద

మద్రాసులో ఆధునిక నాటకానికి తెలుగుతో ఉన్న సంబంధం ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యుల సరస వినోదిని సభ ఇక్కడికి వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. అంతకుముందు నాటకమంటే చిన్నచూపు ఉన్న పమ్మల్ సంబంధ ముదలియార్ ఆ ప్రదర్శనలు చూసి మనసు మార్చుకున్నారు. అదే ఏడాది ఆయన చొరవతో సుగుణ విలాస సభ అనే నాటక సంఘం పుట్టింది. చదువుకున్న ఉద్యోగులు, వకీళ్లు వేషాలు కట్టే తమిళ సభా నాటకానికి దారి పడింది అక్కడే.

తర్వాతి కాలపు మైలాపూర్ సభల హాస్యంలో అబద్ధం మధ్యతరగతి కొలతకు తగ్గింది. ఇల్లు అద్దెకు దొరకడానికో, ఉద్యోగం పోకుండానో, సంబంధం కుదరడానికో ఆడే బొంకు. తాళి, వారసత్వం, ఖూనీ కేసు లాంటివి పక్కకు పోయి పరువు ముందుకొచ్చింది. వాటిలో ఎవరికీ పెద్ద నష్టం ఉండదు గనక నవ్వు ఎక్కడా ఆగదు, ఇంటికొచ్చాక గుర్తుండేదీ తక్కువే. దానికి భిన్నంగా తమిళ నాటకకర్త చో రామస్వామి 1968లో ‘ముహమ్మద్ బిన్ తుగ్లక్’తో బొంకును గద్దె మీద కూర్చోబెట్టారు. సమాధిలోంచి లేచొచ్చిన తుగ్లక్‌నని చెప్పుకున్న యువకుడు ప్రధాని అవుతాడు. జనానికి బుద్ధి చెప్పడానికి మొదలుపెట్టిన వేషాన్ని, అధికారం చేతికొచ్చాక తీయడానికి ఒప్పుకోడు. కరటక శాస్త్రి మంచి అబద్ధానికి ఇది మరో చివర.

నవ్వు కులం మీద పడినప్పుడు

ఈ చర్చ వార్తల్లోకి ఎక్కింది 2022 జనవరిలో. కాళ్లకూరి నారాయణరావు రాసిన ‘చింతామణి’ ప్రదర్శనను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. వేశ్య ఇంట ఆస్తి పోగొట్టుకునే సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చేసిన ఫిర్యాదు దీనికి కారణం. నాటకకర్త ఉద్దేశం వేశ్యాలోలత్వాన్ని ఖండించడం. అయితే వందేళ్లలో పల్లెల్లో ఆడిన బృందాలు సుబ్బిశెట్టి వేషానికి సొంత మాటలు చేర్చుకుంటూ పోయాయి. పాత్ర లోపం వెనక్కి వెళ్లి కులం గుర్తు ముందుకొచ్చింది. మూలాన్నీ చేర్పులనూ వేరు చేయకుండా మొత్తాన్ని ఆపేయడం వల్ల, దీని మీదే బతికిన నటులు కూడా ఇబ్బందిలో పడ్డారు.

గురజాడ ఎగతాళి చేసింది ఎక్కువగా తాను పుట్టిన సమాజాన్ని. మహేంద్రవర్మ కాపాలికుడిని, బౌద్ధుడిని, మధ్యవర్తిగా వచ్చిన పాశుపతుడిని, అంటే మరో శైవ శాఖ సన్యాసిని, ఎవరినీ వదల్లేదు. ఒక్కడే నవ్వులపాలైనప్పుడు వచ్చే నొప్పికీ, అందరూ అయినప్పుడు వచ్చేదానికీ తేడా ఉంది. చెన్నైలో నాటకాన్ని ఆపే అధికారం చాలాకాలం పోలీసుల చేతిలో ఉండేది. 1954 నాటి నాటక ప్రదర్శనల చట్టం కింద స్క్రిప్టు ముందుగా చూపించి అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. ఆ చట్టంలోని కీలక సెక్షన్లను మద్రాస్ హైకోర్టు 2013లో కొట్టేసింది.

కథ అడ్డం తిరిగాక

మోసగాడిని చివర ఏం చేయాలన్నది నాటకకర్తకు పెద్ద చిక్కు. మోలియేర్ రాజుగారి అధికారిని పంపి అరెస్టు చేయించాడు. గోగోల్ అసలు తనిఖీ అధికారి వచ్చాడన్న కబురుతో అందరినీ బొమ్మల్లా నిలబెట్టేశాడు. ఆస్కార్ వైల్డ్ 1895లో లండన్‌లో ఆడిన తన నాటకంలో ఇంకా కొంటె పని చేశాడు, నాయకుడు పెట్టుకున్న దొంగపేరే చివరికి అసలు పేరని తేలింది.

గురజాడ గిరీశాన్ని జైలుకు పంపలేదు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు జరుగుతుంది, గిరీశం పన్నాగం చెడుతుంది, అంతే. కథ అడ్డంగా తిరిగిందన్న ఆఖరి మాటలో పశ్చాత్తాపం లేదు, పాచిక పారలేదన్న చిరాకు ఉంది. నటుడు దాన్ని సిగ్గుతో అంటే ఒక నాటకం, తర్వాతి ఎత్తు ఆలోచిస్తున్నట్టు అంటే మరో నాటకం.

అయితే ఏడంకాలూ ఒక సాయంత్రంలో పట్టవు. సంఘాల ప్రదర్శనల్లో సాధారణంగా పడేది మొదటి అంకం, మహా అయితే ఇంగ్లీషు రంగం. వాటిలో గిరీశం మాటకారి, చలాకీ. బుచ్చమ్మ కథ రాలేదు, ఖూనీ కేసు రాలేదు, మగవేషంలో మధురవాణి వకీలు గుమ్మం ఎక్కలేదు. పెద్దలకు వచ్చిన సందేహం నాటకం మీద కన్నా ఈ కోత మీద రావాల్సింది. ఆ ముప్పావుగంటలో గిరీశానికి పడాల్సిన శిక్ష ఏదైనా ఉందంటే అది పూటకూళ్లమ్మ చీపురు ఒక్కటే. అదీ రామప్ప పంతులు వీపు మీద పడింది.